పళ్ళ డబ్బులతో కొన్న చప్పుడు

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా రెండు కళ్ళూ ఈ క్షణమే పోతాయి ఇన్‌స్పెక్టరు గారూ. పైగా మొన్ననే కళ్ళజోడు మార్చాను, అదీ దండగైపోతుంది... అయ్యయ్యో, ఆ కుర్చీలో కూర్చోకండి! దాని వెనక కాలు విరిగి మూడేళ్ళయింది. ఇప్పటికి యాభైమంది పడ్డారు అందులోంచి. సరే, ఇద్దరు. ఇలా మంచం మీద కూర్చోండి, మొహమాటపడకండి.

ఆ సంచీలో ఉన్నదేనా చప్పుడు కొలిచే మీటరు? ఇంతేనా! ఇందాక కిటికీలోంచి చూసి తుపాకీలా ఉంటుందనుకున్నాను. ఇది మా అబ్బాయి గడ్డం గీసుకునే మిషనంత కూడా లేదే!

సంతకం కోసం వచ్చారని తెలుసు బాబూ. ఫిర్యాదు మీద మొదటి సంతకం నాది కాబట్టి, 'ఇందులో రాసినదంతా నిజమే' అని కింద ఇంకోసారి పెట్టాలి. పెడితే పక్కింటి డ్రైవింగ్ మాస్టారి స్కూలు లైసెన్సు ఇవాళ్టి నుంచే ఆరు నెలలు ఆగిపోతుంది. అంతేగా?

ఆరు నెలలు! ఆ మనిషికి ఇంకో పని రాదండీ. ఆయనకున్నదల్లా ఒక ఎర్ర కారు, అందులో రెండు బ్రేకులు, చెప్పలేనంత ఓపిక. ఇంట్లో భార్య, నెలల పిల్ల. ఆరు నెలలు ఆ ఓపిక ఒక్కటీ వండుకు తింటారా?

పెడతాను, పెట్టనన్నానా? తొందరెందుకు? పెన్ను నాదే, ఎక్కడికీ పారిపోదు. ముందు ఆ కాగితం ఒక్కసారి పైకి చదవండి. చదవరా? పోనీ నేనే చెప్తాను, నాకు కంఠతా వచ్చు. రాసింది నేనేగా.

'సదరు ఎర్ర కారు ఉదయం ఆరు గంటలకు పెట్టు రొదకు కిటికీ అద్దములు బీటలు వారుచున్నవి. చంటిపిల్లలు పాలు మానివేసినారు. వీధి చివరి ఇంట గోడ గడియారము ఆగిపోయినది. మేడ మీది ఇంటి చిలుక నేర్చిన మాటలన్నీ మరచి కారువలె అరచుచున్నది.'

ఎలా ఉంది? బాగుంది కదూ! ముప్పై నాలుగేళ్ళు లైబ్రరీలో పనిచేశానండీ, ఊరికే వస్తుందా ఆ భాష! మీ ఆఫీసులో కూడా చదివి అందరూ నవ్వుకున్నారటగా? మీ గుమాస్తా ఫోన్లో చెప్పాడు. ఇరవై ఏళ్ళలో ఇలాంటి ఫిర్యాదు రాలేదన్నాడు. నేను మురిసిపోయాను. సిగ్గులేని దాన్ని, మురిసిపోయాను!

అద్దాలా? ఎక్కడా బీటలు వారలేదు. గడియారం బ్యాటరీ అయిపోయి ఆగింది. చిలుక మాత్రం నిజం. అది అలాగే అరుస్తుంది. అయితే అది కుక్కరు కూత కూడా కూస్తుంది, మేడ మీదావిడ దగ్గు కూడా దగ్గుతుంది. దాన్ని సాక్షిగా వేసుకుంటే మీకే ఇబ్బంది.

ఇందాక మాస్టారి కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని మీరు కొలవడం ఈ కిటికీలోంచి చూశాను. ఆ వెనక గొట్టం చూసి మీ మొహం ఎలా వెలిగిందనుకున్నారు! దొంగ దొరికాడు అన్నట్టు. కొబ్బరికాయంత వెడల్పు, తళతళలాడిపోతూ, మొహం చూసుకోవచ్చు అందులో. అది చూసిన వాళ్ళెవరైనా, ఈ కారు అరవక ఇంకేది అరుస్తుంది అనే అనుకుంటారు. మా వీధంతా అలాగే అనుకుంది.

అది ఉత్త తొడుగు బాబూ.

అవునండీ. లోపల కంపెనీ వాడిచ్చిన మామూలు సైలెన్సరే. పైన అందానికి తొడిగిన రేకు అది, ఒకే ఒక్క స్క్రూ. ఆయన దగ్గర నేర్చుకుని పాసైన వాళ్ళంతా కలిసి కొనిచ్చారు. నేనూ వేశాను అందులో నా వంతు. చౌక వస్తువే. అద్దం ముందు పెదవులకి రంగేసుకున్నంత మాత్రాన పాట వస్తుందా? అదీ అంతే.

నాకెలా తెలుసంటారా ఇవన్నీ? ఆఁ... ఏదో... మంచినీళ్ళు తాగుతారా? కాఫీ పెట్టనా? చక్కెర తక్కువ వేస్తాను, మీ వయసులో ఉండాలి ఆ జాగ్రత్త. వద్దా? సరే.

చెప్తాను. ఎలాగూ చెప్పాలి.

ఆరు నెలల కిందట నా కారు సైలెన్సరు తుప్పుపట్టి నడి రోడ్డు మీద ఊడిపడింది. నాకు కారుందని తెలీదా మీకు? అయ్యో, ఎవరికీ గుర్తుండదు లెండి. అదిగో ఆ షెడ్డులో, బూడిద రంగుది, అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టినట్టుంటుంది. అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను నేను. మాస్టారే నేర్పాడు. మామూలు వాళ్ళకి ఇరవై రోజులు పట్టేది నాకు ఎనిమిది నెలలు పట్టింది. పరీక్ష పధ్నాలుగుసార్లు తప్పాను... నాలుగు. నాలుగుసార్లూ ఆయనే తీసుకెళ్ళాడు, నాలుగుసార్లూ తిరుగుదారిలో ఒక్క మాట అనలేదు. ఐదోసారి పాసైతే ఆయనకే కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఇది కోత కాదు బాబూ, ఒట్టు.

ఆ ఊడిన సైలెన్సరు డిక్కీలో వేసుకుని, కారు దడదడలాడుతుంటే సైలెన్సర్ల షాపుకి వెళ్ళాను. గోడల నిండా వేలాడదీసిన గొట్టాలండీ, ఏనుగుల పేగులన్నీ తెచ్చి ఆరేసినట్టు! షాపతను ఒక చౌకరకం చూపించాడు. అది పెట్టించుకుని రావచ్చు కదా? నాలాంటి దానికి అది చాలదూ? కానీ అదే సమయానికి పక్కన ఒక కారుకి కొత్తది బిగించి, పరీక్షకని స్టార్ట్ చేశారు.

ఏం చెప్పను బాబూ!

అది చప్పుడు కాదు. కడుపులోంచి వచ్చే మాట అది. ముందు గొంతు సవరించుకున్నట్టు చిన్నగా, తర్వాత లావుగా, తర్వాత... నా అరికాళ్ళలోంచి ఎక్కి ఊడిన పళ్ళ చిగుళ్ళ దాకా వచ్చింది. నేను అక్కడున్న టైరు మీద కూలబడిపోయాను. 'ఏమైందమ్మా, కళ్ళు తిరిగాయా?' అన్నాడు షాపతను. 'అదెంత?' అన్నాను.

ఎంతో చెప్పాడు. నా కారు అమ్మితే అంత రాదు. నన్ను కూడా కలిపి అమ్మినా రాదు!

'విదేశీ సరుకమ్మా, ఓడలో వచ్చింది. పవరు పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, పదేళ్ళు తుప్పన్నది తెలీదు' అని ఏకరువు పెట్టాడు. 'నాకు డెబ్బై నాలుగు నాయనా, తుప్పు పట్టేది దానికా నాకా?' అన్నాను. అయినా బయానా ఇచ్చేశాను.

డబ్బెక్కడిదా? పళ్ళవి.

మా వాడు పళ్ళ సెట్టు కట్టించుకోమని ఇచ్చాడండీ. ఇదిగో చూడండి, ఈ పక్కంతా బోసి. వాడు అడిగినప్పుడల్లా 'డాక్టరు ఇంకా కొలతలు తీస్తున్నాడురా' అంటున్నాను. ఆరు నెలలుగా కొలతలు! ఈపాటికి ఆ డాక్టరు నా నోట్లో ఇల్లు కట్టేసి ఉండాలి. వాడు పాపం నమ్ముతున్నాడు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న ఎనిమిదింటికి వస్తాడు, అలసిపోయి ఉంటాడు, ఏం చెప్పినా నమ్ముతాడు. కనుక వాడికి నా కారు గొంతు ఎలా ఉంటుందో తెలీదు.

కంటికి కూడా తెలియకూడదని ఇంకో తెలివైన పని చేశాను. పాత గొట్టం కొసని తుప్పుతో సహా కోయించి, కొత్తదాని చివర అతికించమన్నాను. షాపతను తల పట్టుకున్నాడు. 'కొత్త కోటుకి గోనెసంచి చేతులు కుట్టమంటున్నారమ్మా' అన్నాడు. 'కుట్టు' అన్నాను. కుట్టాడు. వెనకనుంచి చూస్తే నా కారు ఎంత అమాయకంగా ఉంటుందనుకున్నారు! జాలేస్తుంది.

ఇప్పుడు అర్థమైందా? అరవని కారుకి తళతళలాడే గొట్టం. అరిచే కారుకి తుప్పు గొట్టం. మా వీధి వాళ్ళు చెవులతో విని కళ్ళతో తీర్పు చెప్పారు.

నవ్వుతారేం? నమ్మరా? ఇన్ని కోతలు కోసే ముసలిది ఇదీ కోస్తోందనుకుంటున్నారు. అదే వచ్చింది నాకు చిక్కు!

ఇంతకీ అంత డబ్బుకి తగిన వస్తువేనా అంటారా? కాదు. రాసుకోండి కావాలంటే. మైలేజీ పెరగలేదు, ఇదివరకటికన్నా ఎక్కువే తాగుతోంది. పవరు వచ్చిందో లేదో, కూరగాయల షాపుకి వెళ్ళేదానికి పవరెందుకు? అన్నం నమలలేక చప్పరిస్తున్నాను. ఆ లెక్కన చూస్తే చిల్లి గవ్వ కూడా చెయ్యదు.

అయితే ఆ రైలు కట్ట కింద సొరంగం ఉంది చూశారూ...

పాలకని చెప్పి రోజూ ఆరింటికి బయల్దేరతాను. ఎవరికి చెప్తానో తెలీదు, ఇంట్లో ఎవరూ ఉండరు, అయినా పైకే చెప్పి బయల్దేరతాను. ఆ వేళ సొరంగంలో పిట్ట కూడా ఉండదు. దిగేటప్పుడు అద్దాలు దించి, ఒక్కసారి కాలు నొక్కుతాను. అంతే! ఆ చప్పుడు గోడకి కొట్టుకుని, పైకప్పుకి కొట్టుకుని, తిరిగొచ్చి నన్ను చుట్టుకుంటుంది. నూరు సింహాలు నా వెనక సీట్లో కూర్చున్నట్టుంటుంది. అర నిమిషం. ఆ అర నిమిషం నేను కూడా అరుస్తాను బాబూ. ఏమని అంటే ఏమీ లేదు, ఊరికే. ఆఆఆ అని.

నలభై ఐదేళ్ళు నేను చప్పుడు చెయ్యలేదండీ. పెళ్ళయిన కొత్తలో మామగారికి ఉబ్బసం, పగలూ రాత్రీ కునికేవారు, ఆయన లేస్తారని గరిట గిన్నెకి తగలకుండా కలిపేదాన్ని. తర్వాత మా ఆయనకి రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. తర్వాత పిల్లవాడి చదువు. ఇంట్లో అదయ్యాక లైబ్రరీకెళ్ళి ముప్పై నాలుగేళ్ళు అందరికీ 'ష్' చెప్పాను. అడుగు వినబడకూడదని చెప్పులకి గుడ్డ కుట్టుకునేదాన్ని. నాకు తుమ్మొస్తే వీధిలోకెళ్ళి తుమ్మి వచ్చేదాన్ని. అలాంటి దానికి ఒక గొంతు అమ్మకానికి కనబడితే... కొననా? మీరైతే కొనరా?

సరే, సరే. జాలిపడకండి. జాలిపడితే అసలు సంగతి చెప్పలేను.

మా షెడ్డుకీ మాస్టారింటికీ మధ్య సన్నటి సందు. నేను కారు తియ్యగానే ఆ సందు చప్పుణ్ణి పదింతలు చేసి వీధిలోకి విసురుతుంది. అందరూ ఉలిక్కిపడి లేచి, చెప్పులు వెతుక్కుని, తెర తీసి చూసేసరికి నేను మలుపు తిరిగిపోతాను. అక్కడ గేటు ముందు నిలబడి ఉండేది ఎర్ర కారు, ఆరు గంటల విద్యార్థి కోసం. ఇంకెవర్ని అనుకుంటారు?

నెల కిందట మా వీధి ఆడవాళ్ళందరూ తెల్లకాగితం పట్టుకుని ఇదే గదిలోకి వచ్చారు. మీరు కూర్చున్న చోటే మేడ మీదావిడ కూర్చుంది. 'పెద్దమ్మగారూ, మీ దస్తూరి బాగుంటుంది, మీరే రాయండి' అంది. ఎవరి మీద అని అడిగాను. 'ఎవరి మీదేమిటి, ఆ ఎర్ర కారు మీద! మీకెలా తెలుస్తుంది లెండి, పాపం మీకు చెవులు సరిగా వినబడవుగా' అంది.

నాకు చెవులు వినబడవట! చీమ తుమ్మినా వినబడుతుంది నాకు. ఆ చప్పుడు నాదేనమ్మా అనడానికి నోరు తెరిచాను. మావాడికి తెలుస్తుంది, పళ్ళ సంగతి తెలుస్తుంది, తాళంచెవి తీసేసుకుంటాడు, సొరంగం పోతుంది. ఇన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. 'అవునమ్మా, చెవుడే' అన్నాను.

తర్వాత పెన్ను పట్టుకున్నాక ఇంక నా బుద్ధి మీకు తెలిసిందే. అద్దాల మాట రాస్తే నవ్వారు. గడియారం రాస్తే చప్పట్లు కొట్టారు. 'ఇంకా రాయండి పెద్దమ్మగారూ!' అంటుంటే, నేనెవరి మీద రాస్తున్నానో మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. చిలుక దగ్గరికి వచ్చేసరికి నేనూ నవ్వుతున్నాను.

అంతలో దర్జీ గారి భార్య అడిగింది. 'వాళ్ళొచ్చి కొలిస్తే చప్పుడు తక్కువ వస్తుందేమో?' అని. పాపం ఆవిడకి మాత్రం ఎక్కడో అనుమానం ఉన్నట్టుంది.

అదిగో, అప్పుడు నాకు దారి దొరికింది బాబూ. ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. మీరొస్తారు, కొలుస్తారు, తక్కువ వస్తుంది, ఆయన బయటపడతాడు. కానీ ఆ తర్వాత? ఎర్ర కారు కాకపోతే మరేదని వెతుకుతారుగా! పక్క షెడ్డు తలుపు తడతారుగా!

చివరి వాక్యం చూడండి. వేలు పెట్టి చూపించమంటారా? 'అధికారులు తనిఖీకి వచ్చునప్పుడు సదరు యజమాని గొట్టములో ఏదో అడ్డుపెట్టి చప్పుడు తగ్గించును. కనుక మీటరును నమ్మరాదు.'

అది ఎవరూ చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. నా అంతట నేనే రాశాను.

మిగతాదంతా కోతలు బాబూ, నోటి దురద. ఆ ఒక్క వాక్యం మాత్రం కోత కాదు. అది ఆ మనిషికి వేసిన తాళం. ఇందాక మీ మీటరు తక్కువ చూపించింది, నేను చూశాను, మీరే తల గోక్కున్నారు. తర్వాత ఈ కాగితం తీసి ఆఖరి పంక్తి చదివి, ఆయన వైపు అదోలా చూశారు. ఆ చూపు నేను రాసినదే.

ఆయన ఏమైనా అన్నాడా మీతో? పక్కింటి కారని? నా పేరెత్తాడా? ఎత్తలేదు కదూ. తెలుసు, ఎత్తడు.

తెలియకేం, ఆయనకి అంతా తెలుసు! నేను కారు తీసేటప్పుడు ఆయన గేటు ముందే ఉంటాడు, సొరంగం ఆ మలుపు దాటగానే. ఆరు నెలలుగా రోజూ వింటున్నాడు. మొన్న సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చాడు. మీ నోటీసు చొక్కా జేబులోంచి కనబడుతోంది. సరే, కొట్లాటకే వచ్చాడని నేను లోపలే నిలబడి వంద జవాబులు సిద్ధం చేసుకున్నాను. చెవుడన్నాను కదా, అసలేమీ వినబడనట్టు నటిద్దామని కూడా అనుకున్నాను.

ఏమన్నాడో తెలుసా?

'పెద్దమ్మగారూ, సొరంగం దిగేటప్పుడు మూడో గేరు ఆలస్యంగా వేస్తున్నారు. ఇంజను గొంతు చించుకుంటోంది. కొంచెం ముందుగా వెయ్యండి, బండికి మంచిది' అన్నాడు.

అంతే. వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేదండీ! నలుగురిలో నిలబెట్టి కడిగేసినా బాగుండేది. నా గేరు దిద్దాడు! తన బతుకు తలకిందులవుతుంటే నా గేరు దిద్దాడా మనిషి! ఆ రాత్రి నుంచి కన్ను మూతపడలేదు. నేను మూడో గేరు వెయ్యడం కూడా మానేశాను. కారు ముట్టుకోలేదు. ముట్టుకోబుద్ధి కాలేదు.

కనుక సంతకం చెయ్యను.

లేవండి, ఆ మీటరు తీసుకుని షెడ్డులోకి రండి. నోటిమాట నమ్మరని నాకు తెలుసు, నన్ను నేనే నమ్మను. ఇదిగో, ఇటు. తల జాగ్రత్త, దూలం కిందికి ఉంటుంది. ముందు వంగి గొట్టం కింద చూడండి. తుప్పు ఎక్కడ ఆగిపోయిందో, తెల్లటి లోహం ఎక్కడ మొదలైందో, మధ్యలో ఆ అతుకు కనిపించిందా? మరి! ఇప్పుడు మీటరు పట్టుకోండి. నేను ఎక్కుతున్నాను. చెవులు మూసుకోకండి, అది మీ ఉద్యోగం కాదు.

ఇదిగో...

ఎంత చూపించింది? ఏమిటీ? గట్టిగా చెప్పండి! ఆగండి, ఆపేస్తాను.

ఊఁ. ఎంత చూపించిందో చెప్పక్కర్లేదు లెండి, మీ మొహమే చెబుతోంది. అదిగో మేడ మీద తెర కదిలింది. ఈసారి నేను మలుపు తిరగలేదు. చూడనివ్వండి, బాగా చూడనివ్వండి.

జరిమానా ఎంతైనా వెయ్యండి. ఆ గొట్టం కోసేస్తారా? కోసెయ్యండి. బండే తీసుకెళ్తారా? తీసుకెళ్ళండి. మావాడు ఎనిమిదింటికే వచ్చి లోపలి గదిలో పడుకున్నాడు, ఈ చప్పుడుకి లేచే ఉంటాడు. వాడితో నేను మాట్లాడుకుంటాను. పళ్ళ దగ్గరనుంచి మొదలుపెట్టాలి.

మీకు మాత్రం చిన్న పని చెప్తాను, కాదనకండి. ఇదిగో ఇంకో కాగితం, పొద్దున్నే రాశాను. రెండే వాక్యాలు. 'చప్పుడు నా కారుది. మాస్టారి కారు ఎన్నడూ చప్పుడు చేయలేదు, చివరి వాక్యం నేను కావాలని రాసిన అబద్ధం.' అంతే, కింద సంతకం. ఎంత నీరసంగా ఉందో చూడండి! నా జన్మలో ఇంత చప్పటి రాత రాయలేదు.

ఇది పట్టుకుని ఇరవై ఒక్క ఇళ్ళకీ మీరే వెళ్ళండి. సంతకాలు పెట్టిన వాళ్ళందరి చేతా చదివించి, మళ్ళీ సంతకాలు తీసుకోండి. నేనెందుకు రాననంటారా? మోకాళ్ళ నొప్పులని చెప్పండి... వద్దు, అలా చెప్పకండి. మొహం చెల్లక రాలేదని చెప్పండి.

పక్కిల్లు మాత్రం వదిలెయ్యండి బాబూ. అక్కడికి నేనే వెళ్ళాలి.

ముందు మేడ మీదకి వెళ్ళండి. ఆవిడ పన్నెండింటికల్లా పడుకుంటుంది, మెట్లకి కమ్మీ లేదు, గోడ పట్టుకుని ఎక్కండి. ఇదిగో, పెన్ను కూడా తీసుకెళ్ళండి.